చిత్రిక పట్టడం

కారులో మ్యూజిక్ సిస్టమ్ పెట్టించుకునేవాళ్లు స్పీకర్ల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. ఎన్ని వాట్లు, బేస్ ఎలా కొడుతుంది, యాంప్లిఫయర్ ఎంత వేడెక్కుతుంది, ఇవే కబుర్లు. ఆ స్పీకరుని పట్టుకుని ఉండే ప్యానెల్ గురించి మాట్లాడిన మనిషి నాకింతవరకూ తగల్లేదు. తగలకపోవడం న్యాయమే. ప్యానెల్ అనేది ఎవరి కంటా పడకపోతేనే బాగున్నట్టు లెక్క. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే అది అక్కడ ఉందేమో అనిపించాలి. కొత్తగా ఎక్కినవాళ్లు పాట ఎక్కణ్ణుంచి వస్తోందా అని చుట్టూ చూడాలి తప్ప, ఈ బొడిపేంటి అని అడక్కూడదు.

పోయినేడు మే నెల నుంచి దసరా దాకా, ఆదివారం ఆదివారం, నేనూ మా నాన్నా కలిసి అలాంటివి మూడు చేశాం. ముందు అద్దానికి అటూ ఇటూ నిలువుగా ఉండే ఏ-పిల్లర్ల మీద ట్వీటర్ల కోసం రెండు, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టెని మూసే పలక ఒకటి. కారు నాన్నది, 2014లో రిటైరయ్యాక కొనుక్కున్న వ్యాగనార్. పాటలు కూడా నాన్నవే. వైరింగూ లాప్‌టాప్ పనీ నావి. మిగతా పనికి నేను కూలీని, ఆయన మేస్త్రీ. ఎందుకంటే నాన్న ముప్ఫై ఏళ్ల పైచిలుకు మియాపూర్‌లోని ఆర్టీసీ బస్ బాడీ యూనిట్లో పెయింట్ సెక్షన్లో పనిచేశాడు. ఉత్త ఛాసిస్ లోపలికి వచ్చి, బస్సై బయటకు పోయే చోటు అది.

ట్వీటర్లని పిల్లర్ల మీదే ఎందుకు పెట్టాలి? సన్నటి శబ్దాలు, అంటే తాళాల గలగల, గొంతులో 'స' అనే ఊపిరి లాంటివి, టార్చిలైటు వెలుగులా ఎటు తిప్పితే అటే పోతాయి. ట్వీటర్ని తలుపు కింద పెడితే ఆ వెలుగంతా మోకాళ్ల మీద పడుతుంది. పిల్లర్ మీదకి తెచ్చి చెవి వైపు తిప్పితే పాట డాష్‌బోర్డు మీదకి లేచి నిలబడుతుంది. అయితే మన కార్లలో డ్రైవరు కూర్చునేది కుడి పక్కన. కుడి ట్వీటర్ దగ్గర, ఎడమది దూరం. మా బండిలో తలకీ వాటికీ మధ్య దూరం టేపుతో కొలిస్తే తేడా 48 సెంటీమీటర్లు వచ్చింది. ధ్వని 34 సెంటీమీటర్లు పోవడానికి దాదాపు ఒక మిల్లీసెకండ్ తీసుకుంటుంది. అంటే కుడి దాన్ని 1.4 మిల్లీసెకండ్లు ఆపి వదిలితే రెండూ ఒకేసారి చెవికి చేరతాయి. డీఎస్పీ అనే చిన్న పెట్టె ఈ పని చేసిపెడుతుంది.

నాన్న వినే పాటలకి ఇది ఇంకా ముఖ్యం. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనో రికార్డింగులు. రెండు పక్కలకీ వెళ్లేది ఒకే సిగ్నల్. లెక్క కుదిరితే ఘంటసాల గొంతు డాష్‌బోర్డు నడిమధ్య ఒక్కచోట నిలబడుతుంది. కుదరకపోతే దగ్గరున్న తలుపుకి అతుక్కుపోతుంది. ఆ లెక్క కుదర్చడం లాప్‌టాప్ ముందు పది నిమిషాల పని. దానికి ముందు ట్వీటర్లు అక్కడ ఉండాలి కదా. వాటిని అక్కడ ఉంచడానికి మాకు ఐదు నెలలు పట్టింది.

మొదటి తగాదా ప్లాస్టిక్‌తో. పిల్లర్ కవరు విప్పి వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో పీపీ అని అచ్చు ఉంటుంది. పాలీప్రొపిలీన్. దానికి రెజిన్ అంటదు, పుట్టీ అంటదు, రంగు అంటదు. అంటినట్టు నటించి ఓ ఎండాకాలం గడిచాక పెచ్చులా ఊడివస్తుంది. గరుకు కాగితంతో బాగా గీకి, అక్కడక్కడా సన్న కన్నాలు వేసి, రెజిన్ ఆ కన్నాల్లోంచి అవతలికి దిగి పట్టుకునేలా చెయ్యాలి. పాత కార్లు విప్పే షాపులో ఇంకో జత కవర్లు కొని వాటి మీదే ఈ వేషాలన్నీ వేశాం. అసలు జతని నాన్న పాత పేపర్లలో చుట్టి అటక మీద పెట్టించాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పిల్లర్ జోలికి వెళ్లకూడదు. ప్రమాదంలో ఆ సంచీ తెరుచుకునే దారి అదే. మా బండికి అవి లేవు.

ఆ తర్వాత ట్వీటర్ పట్టే ఎండీఎఫ్ రింగుని చెవి వైపు చూసేలా అతికించి, దాని మీదుగా ఫ్లీస్ బట్టని బిగుతుగా లాగి, రెజిన్ పూశాం. బట్ట రెజిన్ తాగి ఆరాక డిప్పలా గట్టిపడుతుంది. ఈ దశలో అది చూడ్డానికి దెబ్బ తగిలి వాచిన మోకాలిలా ఉంటుంది. ఇక్కణ్ణుంచి దాన్ని కారు భాగంగా మార్చే పనినే ఫినిషింగ్ అంటారు. మొత్తం శ్రమలో ముప్పావు వంతు ఇదే.

పుట్టీకి ఒక లెక్కుంది. నిమ్మకాయంత ముద్దకి శనగగింజంత హార్డెనర్. రంగు చారలు లేకుండా కలవాలి, కానీ గాలి బుడగలు రాకూడదు. మే నెల మధ్యాహ్నం మా మేడ మీద నాలుగు నిమిషాల్లో అది రాయైపోయేది. నాన్న దాన్ని ఇప్పటికీ లప్పం అనే అంటాడు. మొదటి రోజు నేను పల్చగా, పొదుపుగా పూస్తుంటే చూసి, "నిండ వెట్టు. లప్పం వెట్టేదే తీసెయ్యనీకి" అన్నాడు. నిజంగానే అంతే. కిలో డబ్బా పుట్టీ అయిపోయింది. పిల్లర్ల మీద మిగిలింది అందులో పావు వంతు కూడా ఉండదు. మిగతాదంతా పిండై పిట్టగోడ మీద, అమ్మ ఆరేసిన బట్టల మీద, మా కనుబొమల మీద.

తీసెయ్యడానికి నంబర్లు. 80 నంబరు కాగితంతో ఆకారం వస్తుంది, 120, 180లతో గీతలు సన్నబడతాయి, 320తో ప్రైమరుకి సిద్ధమవుతుంది. ప్రైమర్ మీద 400, చివర నీళ్లతో 600. ప్రతి కాగితం పనీ తన ముందు కాగితం గీసిన గీతల్ని చెరపడం, అంతవరకే. తొందరపడి మధ్యలో రెండు నంబర్లు దాటేస్తే ఆ రోజు ఏమీ తెలియదు. రంగు కొట్టిన వారానికి, థిన్నరంతా ఆవిరైపోయి పొరలు కుంచించుకున్నాక, పాత 80 నంబరు గీతలు అడుగు నుంచి తేలతాయి. అందుకే ప్రైమర్ కొట్టిన ప్రతిసారీ నాన్న దాన్ని రెండు రోజులు ఎండలో వదిలెయ్యమనేవాడు. "కూసోనియ్యి" అనేవాడు. కుంచించుకునేదంతా రంగు పడకముందే కుంచించుకోవాలి.

ఇక అరగదీసింది చదునైందా లేదా అనేది ఎలా తెలుస్తుంది? కంటికి తెలియదు. పుట్టీ మట్టిరంగులో మెరుపు లేకుండా ఉంటుంది కాబట్టి గుంటా మిట్టా ఒకేలా కనిపిస్తాయి. అది చేతికి తెలియాలి. వేళ్ల కొసలు ఆనిస్తే గరుకుదనమే తెలుస్తుంది. అరచెయ్యి మొత్తం ఆనించి పొడుగ్గా, మెల్లగా జరపాలి. మధ్యలో పాత లుంగీ ముక్క పల్చగా వేస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. బట్ట రాపిడిని మింగేస్తుంది కాబట్టి చేతికి ఎత్తుపల్లాలు మాత్రమే అందుతాయి.

"జూడకు. కండ్లు మూస్కొని చెప్పు. ఏడున్నది?"

"ఏం లేదు నాన్నా."

"ఇంకోపారి. మీదికెల్లి కిందికి రా."

నాలుగోసారికి, రింగుకి రెండంగుళాల కింద, నా అరచెయ్యి ఏదో చిన్న దోనెలోకి దిగి మళ్లీ ఎక్కినట్టయింది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాడు. స్కేలు నిలబెట్టి చూస్తే కింద సన్నటి వెలుగు గీత. అర మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇలా మూడు ఆదివారాలు గడిచాక నాకు ఒక సంగతి తట్టింది. నాన్న నా చేత పెట్టిస్తున్నాడు గానీ తను చెయ్యి పెట్టడం లేదు. మొదట నేర్పించడానికే అనుకున్నాను. ఒక సాయంత్రం నేను నీళ్లకి కిందికి దిగి పైకొచ్చేసరికి, ఆయన పిల్లర్ కవరుని ఒళ్లో పెట్టుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతికి కాస్త ఇవతల లోపలి వైపు చర్మాన్ని దాని మీద ఆనించి మెల్లగా జరుపుతున్నాడు. చిన్నపిల్లలకి నీళ్లు పోసేముందు వేడి చూస్తామే, అలాగ. నన్ను చూసి ఆపలేదు. ఆపేసినట్టయితే నేను అడిగేవాణ్ణి కాదేమో.

"వేళ్లకి తెలుస్తలేదా?"

"కొసలకు తెలుస్తలేదు."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర అయితుండొచ్చు."

"మరి చెప్పలేదే?"

"చెప్తె ఏం జేస్తవ్? నీ చెయ్యి ఇస్తవా?" అని, పక్కనున్న కాగితం అందుకుని నా వైపు తోశాడు. "పట్టు. ఇది నూటిరవై. గా పక్క ఇంకా ఎత్తున్నది."

నాన్నకి పద్దెనిమిదేళ్లుగా షుగరు. ఆ వారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నరాల మీద షుగరు దెబ్బ పొడుగు నరాలతో మొదలవుతుందట. అందుకే ముందు పాదాలు. మొద్దుబారడం మోకాళ్ల దాకా పాకేసరికి వేళ్ల కొసలు కూడా అందుకుంటాయి. చేతి దాకా వచ్చిందంటే కాళ్లలో ఎప్పుడో మొదలైనట్టే. పోయింది చాలావరకు తిరిగిరాదు, షుగర్ని పట్టి ఉంచితే నడక నెమ్మదిస్తుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గే వీలుంది కాబట్టి ఆ పరీక్ష కూడా రాశారు. తర్వాత డాక్టరుగారు చిన్న పిడికి బిగించిన నైలాన్ దారం ఒకటి తీశారు. దాన్ని చర్మానికి ఆనించి నొక్కితే పది గ్రాముల బరువు దగ్గర వంగుతుంది. ఆ మాత్రం తాకిడి కూడా తెలియకపోతే పాదానికి కాపలా పోయినట్టు.

"కళ్లు మూసుకోండి. తగిలినప్పుడు చెప్పండి" అన్నారు.

నేను మంచం పక్కన నిలబడి చూస్తున్నాను. బొటనవేలి కింద దారం వంగింది. నాన్న ఏమీ అనలేదు. మడమ ముందు వంగింది. ఏమీ అనలేదు. మూడోచోట "ఆ" అన్నాడు. నాలుగోచోట దారం ఇంకా పాదానికి ఆనకముందే "ఆ" అన్నాడు. మేడ మీద కళ్లు మూసుకుని నేను "ఇక్కడ" అన్నప్పుడల్లా ఆయనకి ఎలా ఉండేదో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

ఇక కారు నడపొద్దన్నారు డాక్టరుగారు. బ్రేకు మీద కాలెంత బరువు వేసిందో పాదానికి తెలియాలి కదా అన్నారు. నాన్న తలూపాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా మాట్లాడలేదు. మియాపూర్ దగ్గరకొచ్చాక మాత్రం, "గైడ్ కోటు కొడదాం. అప్పుడు చేతితోని పనుండదు" అన్నాడు.

గైడ్ కోటు అంటే చాలా మామూలు కిటుకు. ప్రైమర్ ఆరాక దాని మీద నల్లరంగుని బాగా పల్చన చేసి దుమ్ము చల్లినట్టు తుంపర కొడతారు. తర్వాత చెక్కదిమ్మకి కాగితం చుట్టి, చదునుగా తోముతారు. మిట్టల మీద నలుపు ముందే పోతుంది. గుంటల్లో అలాగే ఉండిపోతుంది. చేతికి మాత్రమే తెలిసే సంగతి కంటికి కూడా తెలిసిపోతుంది. యూనిట్లో పొద్దుగూకే దాకా బస్సు పక్కరేకుల మీద ఇదే పనంట. రంగు పడ్డాక ఇంకో పరీక్ష ఉండేదట. షెడ్డు కప్పుకున్న ట్యూబులైట్ల నీడ బస్సు ఒంటి మీద గీతలా పడుతుంది. బస్సు పొడుగునా నడుస్తూ చూస్తే ఎక్కడ గీత వంగిందో అక్కడ అల ఉన్నట్టు. రంగు తప్పుల్ని కప్పేస్తుందనేది బయటివాళ్ల నమ్మకం. పుట్టీ మీద ఎవరికీ కనపడని గుంట నిగనిగలాడే రంగు పడగానే వెలుగుని వంచి తనను తాను పట్టించుకుంటుంది.

నేను పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాస్తుంటాను కాబట్టి ఈ పని చేస్తున్నంతసేపూ ఒక మాట బుర్రలో తిరుగుతూ ఉండేది. తెలుగు సమీక్షల్లో బాగా అరిగిన మాట, 'చిత్రిక పట్టడం'. ఫలానా రచయిత పల్లె జీవితాన్ని అద్భుతంగా చిత్రిక పట్టారు అనే వాక్యం వారానికొకటైనా కంటపడుతుంది. చిత్రించారు అని ఉద్దేశం. చిత్రిక బొమ్మకి సంబంధించిన మాట కానే కాదు, వడ్రంగి పనిముట్టు. చెక్క మీద తోస్తుంటే పల్చటి పొరలు చుట్టలు తిరిగి లేస్తాయే, అది. కొన్ని చోట్ల తోపడా అంటారు, నాన్న రందా అంటాడు. ఈ వాడుక సరికాదని తెలిసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు, మాట మాత్రం ఆగలేదు. నన్ను పట్టుకున్నది తప్పొప్పుల సంగతి కాదు. ఆ రెండు పనులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. బొమ్మ వేసేవాడు లేనిదాన్ని తెచ్చి పెడతాడు. చిత్రిక పట్టేవాడు ఉన్నదాన్ని తీసేస్తాడు, కింద సరైన మట్టం తగిలేదాకా.

కథల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఫినిషింగ్ అనే మాట వాడతాం. ఫినిషింగ్ అదిరింది అంటే సాధారణంగా చివరి పేరా బాగుందని, లేదా వాక్యాలు తళతళలాడుతున్నాయని. షెడ్డులో ఆ మాటకి అర్థం వేరు. అక్కడ ఫినిషింగ్ చివర మొదలవదు. రెజిన్ పూసిన రోజే మొదలవుతుంది, ప్రతి పొరా తన కింది పొరతో తేల్చుకోవాల్సిన లెక్క అది. కింద తేల్చకుండా వదిలేసింది వారం తర్వాత పైకి వస్తుంది. చాసో 'వాయులీనం' లాంటి కథని ఇప్పుడు చదివితే ఇదే కనిపిస్తుంది నాకు. భార్య వైద్యం కోసం ఆమె ఫిడేలునే అమ్ముకోవాల్సి వచ్చిన ఇల్లది. ఏ రచయితకైనా అక్కడ దుఃఖం మీద నాలుగు కోట్లు వార్నిష్ కొట్టాలని చెయ్యి లాగుతుంది. చాసో కొట్టడు. పాఠకుడి అరచెయ్యి సాఫీగా జారుతూ పోతుంది, జారుతూనే ఎక్కడో ఒకచోట దిగబడుతుంది. ఆ గుంట రచయిత వదిలేసింది కాదు, ఉంచింది. ఈ రెండింటికీ తేడా పట్టుకోవడమే విమర్శకుడి పని అనుకుంటాను. సమీక్ష కూడా గైడ్ కోటులాంటిదే అయితే బాగుండు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని చూపించి తను చెరిగిపోవాలి.

ఆగస్టు వానల్లో రంగు పని ఆగింది. గాలిలో తేమ ఉన్నప్పుడు గన్‌తో కొడితే థిన్నర్ గబగబా ఆవిరై రంగుని చల్లబరుస్తుంది, గాలిలో తడి దాని మీద కూర్చుంటుంది, మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. ఆ ఖాళీలో డిక్కీ పలక పట్టుకున్నాం. దీనికి రంగు లేదు, రెక్సిన్ చుట్టడమే. ఇక్కడ లెక్కంతా సందుల్లో ఉంటుంది. రెక్సిన్ మందం ఒక మిల్లీమీటరు. పలక అంచు మీదా, దాని ఎదురు అంచు మీదా చుడితే రెండు మిల్లీమీటర్లు. కాబట్టి చెక్క కోసేటప్పుడే ఆ రెండూ, వేలుపట్టేంత ఇంకాస్తా తగ్గించి కోయాలి. ఉత్త చెక్కగా ఉన్నప్పుడు వదులుగా, తప్పుగా కనిపించే పలకే చుట్టాక సరిగ్గా కూర్చుంటుంది. అతికించే బంక వేడికి ఆగేది కావాలి. మన ఎండల్లో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, మామూలు బంక కరిగి మూలలు లేస్తాయి. మూలల దగ్గర రెక్సిన్‌ని వేడి గాలితో మెత్తబరిచి లాగేటప్పుడు ముడత వస్తుందేమోనని నేను గుంజుతుంటే, "అది ఎటు వోతానంటే అటు వోనియ్యి, ముడత వెనకకు వస్తది" అన్నాడు నాన్న. వెనక్కే వచ్చింది. వెనక కోసేశాం.

బిగించాక 20 హెర్ట్జ్ నుంచి 200 దాకా ఒకే శబ్దాన్ని మెల్లగా పెంచుకుంటూ వదిలాను. గిలకలాడేది ఏదైనా ఉంటే తన నంబరు వచ్చినప్పుడు పలుకుతుంది. 63 దగ్గర పలక మూల ఒకటి జుయ్యిమంది. వెనక ఫెల్ట్ టేపు ముక్క అంటిస్తే ఊరుకుంది. నాన్న ఆ సేపంతా డిక్కీ అంచు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అదురు ఆయనకి అక్కణ్ణుంచి అందుతోంది. "ఇప్పుడు బందైంది" అని నాకంటే ముందే చెప్పాడు.

దసరాకి నాలుగు రోజుల ముందు ఆకాశం తెరిపిచ్చింది. పిల్లర్లకి చివరి రంగు కొట్టాం. కారు లోపలి లేత గోధుమరంగుకి కలిపి, మెరుపు చంపేసి, కంపెనీ ప్లాస్టిక్ మీద ఉండే నూకలాంటి గరుకు వచ్చేలా గన్ గాలి తగ్గించి దూరం నుంచి తుంపర. గన్ నాన్నే పట్టుకున్నాడు. దానికి వేళ్ల కొసలతో పనిలేదు, భుజంతో పని. ముప్ఫై ఏళ్ల అలవాటున చెయ్యి పిల్లర్ పక్కగా ఒకే వేగంతో పోయింది, కొస దాటాక ఆగింది, మళ్లీ వచ్చింది. ఆయుధపూజ రోజు కారుకి నిమ్మకాయలు కట్టాం. అమ్మ గన్‌కి, చెక్కదిమ్మకి బొట్లు పెట్టింది. నా లాప్‌టాప్‌కి కూడా.

ఆ సాయంత్రం డీఎస్పీ సరిచెయ్యడానికి కూర్చున్నాను. మే నెలలో రాసి పెట్టుకున్న లెక్క నోట్స్‌లో ఉంది: కుడి ట్వీటర్ 1.4 మిల్లీసెకండ్లు ఆలస్యం. అది డ్రైవరు సీటుకి వేసిన లెక్క. నాన్న వచ్చి, అలవాటుగా కుడి తలుపు దాకా నడిచి, ఒక్క క్షణం ఆగి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. కుడి పక్క సున్నా చేసి ఆ 1.4ని ఎడమ పక్కకి మార్చాను. పాట పెట్టాను.

నాన్న కాసేపు విన్నాడు. తర్వాత వేలు ఎత్తి డాష్‌బోర్డు మధ్యలో, గడియారం ఉన్న చోటు చూపించి, "గీడ" అన్నాడు.

ఇప్పుడు బండి నేనే నడుపుతున్నాను. ఆ సెట్టింగు మార్చలేదు. ఆయనకి ఘంటసాల ఎదురుగా నిలబడి పాడతాడు. నాకు కుడి తలుపు దగ్గర్నుంచి వినిపిస్తాడు.